ఆది జాకెట్టుతో పనిలేకుండా: కంప్యూటర్‌లో మీ సొంత బ్లౌజ్ ప్యాటర్న్ గీసుకోవడం

మా ఇంట్లో ఒక ఆది జాకెట్టు ఉండేది. పదేళ్లలో ముగ్గురు టైలర్ల చేతులు మారింది, రెండుసార్లు సైడు కుట్లు విప్పించుకుంది. కొత్త బ్లౌజ్ కుట్టించాలంటే అదే పట్టుకెళ్లి ఇచ్చేదాన్ని. దాని ఎడమ చంక దగ్గర ఒక ముడత ఉండేది. ఆ ముడత ప్రతి కొత్త బ్లౌజులోకీ నమ్మకంగా వచ్చేసేది. చివరికి ఒకరోజు టైలర్ "ఆది కనబడట్లేదమ్మా, ఇంకోటి తెండి" అన్నాడు. ఇంకోటి లేదు. అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్లూ నేను నా ఒంటి కొలతలు ఇవ్వడం లేదని, ఎప్పుడో ఎవరో కుట్టిన ఒక గుడ్డ కొలతలు ఇస్తున్నానని.

మిషన్ తొక్కడం వచ్చి, కటింగ్ అంటే మాత్రం భయపడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు చీర బ్లౌజునే తీసుకున్నాను. ఒంటికి అంత దగ్గరగా ఉండే బట్ట ఇంకోటి లేదు, తప్పు చేస్తే వెంటనే కనిపిస్తుంది. ఇది వస్తే కుర్తీ, లంగా, పిల్లల గౌను పెద్ద కష్టం కాదు.

ఏ సాఫ్ట్‌వేర్?

పెద్ద గార్మెంట్ ఫ్యాక్టరీల్లో గెర్బర్, లెక్ట్రా లాంటి బ్రాండ్ల సాఫ్ట్‌వేర్ వాడతారు. అది ఇంటి వాడకానికి కాదు, ఆ ధరా ఇంటికి కాదు. క్లో త్రీడీలో తెర మీదే బొమ్మకు బట్ట తొడిగి చూసుకోవచ్చు గానీ దానికి చందా కట్టాలి, మంచి కంప్యూటర్ కూడా కావాలి. ఇంక్‌స్కేప్ ఉచితమే, కానీ అది బొమ్మలు గీసే ప్రోగ్రాం. అందులో గీసింది గీతలాగే ఉంటుంది, కొలత మారితే మళ్లీ గీయాల్సిందే. ఫ్రీసూయింగ్ అనే ఉచిత ప్రాజెక్టు ఇంకో దారి. వాళ్ల దగ్గర ఉన్న డిజైన్లలో ఒకటి ఎంచుకుని మీ కొలతలు ఇస్తే ప్యాటర్న్ తయారై వస్తుంది. మనం గీసేదేమీ ఉండదు, అందువల్ల నేర్చుకునేదీ తక్కువే.

నేను వాడేది సీమ్లీ2డీ. దానికి కవల లాంటిది వాలెంటీనా. రెండూ ఒకే ప్రాజెక్టుగా పెరిగి 2017లో విడిపోయాయి. రెండూ ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తాయి. ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చేసినట్టే. టూల్స్ పేర్లు, మెనూలు వెర్షన్‌ను బట్టి కాస్త అటూ ఇటూ మారతాయి, కంగారుపడకండి. ఎవరెవరి సైట్ల నుంచో కాకుండా ఆ ప్రాజెక్టుల సొంత సైట్ నుంచే దించుకోండి. ల్యాప్‌టాప్ పాతదైనా పర్లేదు, మౌస్ మాత్రం ఉండాలి. టచ్‌ప్యాడ్‌తో చంక వంపు గీయడం కన్నా చేత్తో గీయడం నయం.

ఇందులో గీత అనేది ఒక లెక్క. "ఇక్కడి నుంచి కుడికి 9 అంగుళాలు" అని మీరు చెప్పరు. "ఇక్కడి నుంచి కుడికి ఛాతీలో నాలుగో వంతు, దానికి కొంచెం లూజు" అని చెబుతారు. రేపు ఛాతీ 36 నుంచి 38 అయితే కొలతల ఫైలులో ఆ ఒక్క అంకె మార్చితే చాలు, చంక, సైడు, చేయి అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. కాబట్టి ఈ పనికంతటికీ నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: డ్రాఫ్ట్‌లో, అంటే ప్యాటర్న్ కోసం గీసే గీతల్లో, ఎక్కడా ఒట్టి అంకె వేయకూడదు. అంకె రాయాలనిపించిన ప్రతిసారీ అది ఏ కొలతలోంచి వచ్చిందో, లేక అది నా ఇష్టమో ప్రశ్నించుకోవాలి.

కొలతలు: సగం పని ఇక్కడే

మీ కొలతలు మీరే తీసుకోవద్దు. చెయ్యెత్తితే భుజం మారుతుంది, కిందికి చూస్తే ఛాతీ మారుతుంది. ఇంట్లో ఎవరినైనా పిలవండి. చీర కట్టుకునేటప్పుడు ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని, పైన పల్చటి బట్టతో నిలబడండి. టేపు ఒంటిని తాకాలి గానీ నొక్కకూడదు. ప్రతి కొలతా రెండుసార్లు తీయించండి, రెండింటికీ పావు అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోసారి తీయించండి.

కావలసినవి ఇవి. పక్కన రాసిన అంకెలు ఉదాహరణకు మాత్రమే, వ్యాసమంతా వీటితోనే లెక్క చూపిస్తాను. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలు. బ్లౌజు కింది అంచు ఎక్కడ ఆగుతుందో అక్కడి చుట్టుకొలత 30 (దీన్ని నడుం అందాం, అసలు నడుం ఇంకా కిందుంటుంది). వీపు వైపు భుజం ఎముక నుంచి భుజం ఎముక దాకా 14. వెనక పొడవు, అంటే మెడ పక్కన భుజం మీద నుంచి కింది అంచు దాకా, 14.5. ముందు పొడవు, అదే చోటు నుంచి ఛాతీ ఎత్తు మీదుగా కింది అంచు దాకా, 15.5. మెడ పక్కన భుజం నుంచి ఎపెక్స్ (ఛాతీ మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండే బిందువు) దాకా 10. రెండు ఎపెక్స్‌ల మధ్య దూరం 7.5. చేయి పొడవు 9, చంక కింద కండ దగ్గర చేయి చుట్టుకొలత 12, చేయి అంచు దగ్గర 11.

ఇందులో చాలామంది వదిలేసేది ముందు పొడవు. వెనక్కీ ముందుకీ ఒకే పొడవు పెట్టి కుట్టిన బ్లౌజు ముందు భాగం పైకి లేచిపోయేది అందుకే. ఈ ఉదాహరణలో ముందు పొడవు ఒక అంగుళం ఎక్కువ ఉంది కదా, ఆ అంగుళమే తర్వాత సైడు టక్కులో (గుడ్డను కోణంగా మడిచి కుట్టే చోట) మాయమవుతుంది. టక్కు ఎంత పెట్టాలో ఊహించనక్కర్లేదు, మీ ఒళ్లే చెబుతోంది.

ఇక ప్రోగ్రాంతో పాటే వచ్చే సీమ్లీమీ తెరవండి (వాలెంటీనాలో దీని పేరు టేప్). కొత్త ఫైలు అడిగినప్పుడు ఒక్క మనిషి కొలతలు అనే రకాన్ని, యూనిట్లలో అంగుళాలను ఎంచుకోండి. మల్టీసైజ్ అనే రెండో రకం సైజుల వారీగా బట్టలు కుట్టి అమ్మేవాళ్ల కోసం. సీమ్లీమీలో ముందే ఇచ్చిన కొలతల జాబితా చాంతాడంత ఉంటుంది, దాన్ని చూసి బెదరకండి. మన టైలరింగ్ కొలతలన్నీ అందులో వెతుక్కోవడం కన్నా సొంతంగా చేర్చుకోవడం తేలిక. సొంత కొలతల పేర్ల ముందు @ గుర్తు ఉంటుంది. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకోండి. వివరణ గడిలో ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో తెలుగులో రాసుకోండి. ఆరు నెలల తర్వాత మీకే ఉపయోగపడుతుంది. ఫైలు పేరులో మనిషి పేరూ తేదీ రెండూ ఉండాలి.

డ్రాఫ్ట్ మొదలుపెట్టే ముందు

సీమ్లీ2డీలో కొత్త ప్యాటర్న్ తెరిచి, యూనిట్ అంగుళాలు పెట్టి, మెజర్‌మెంట్స్ మెనూ నుంచి మీ కొలతల ఫైలును జోడించండి. తర్వాత వేరియబుల్స్ పట్టిక తెరవండి. ఒంటివి కాని అంకెలన్నీ, అంటే మన ఇష్టం మీద ఆధారపడేవన్నీ, ఇక్కడ ఉంటాయి. వీటి పేర్ల ముందు # గుర్తు వస్తుంది. నావి ఇవి: మొత్తం లూజు 1.5, వెనక మెడ లోతు 8, ముందు మెడ లోతు 6.5, మెడ వెడల్పు 3, భుజం వాలు 0.75, ముందు వెనకల వెడల్పు తేడా 0.25, వెనక టక్కు 0.75, ముందు నడుం టక్కు 1.5, చేయి లూజు 1.

లూజు గురించి ఒక మాట. సాగని గుడ్డలో, అంటే టూ బై టూ, పాప్లిన్, పట్టు లాంటి వాటిలో, లూజు అసలు లేకుండా కుడితే ఊపిరి పీల్చేసరికి హుక్స్ ఎగిరిపోతాయి. ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు మొదటిసారికి క్షేమం. బిగుతుగా కావాలంటే తర్వాత ఆ ఒక్క అంకె తగ్గించుకోవచ్చు. వేరియబుల్ పెట్టుకున్న లాభమే అది.

కోణాల లెక్క కూడా ఇప్పుడే తెలుసుకోండి. ఇందులో కుడివైపు 0 డిగ్రీలు, పైకి 90, ఎడమకు 180, కిందికి 270. కిందికి గీత గీయాలనుకుని 90 కొడితే గీత పైకి పోతుంది. మొదటి రోజు నేను నాలుగుసార్లు పోగొట్టుకున్నాను.

వెనక ముక్క

ప్రోగ్రాం మొదటి బిందువును తనే ఇస్తుంది, దాని పేరు ఏ. అది వీపు మధ్య గీతకు పై చివర అనుకోండి. వెనక ముక్కను గుడ్డ మడత మీద పెట్టి కత్తిరిస్తాం కాబట్టి సగమే గీస్తాం. చాలావరకు వాడే టూల్ ఒకటే, "పొడవు, కోణం" ఇచ్చి బిందువు పెట్టేది. ఆ టూల్ పొడవు గడి పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కితే ఫార్ములా విండో తెరుచుకుంటుంది, అందులో మీ కొలతలూ వేరియబుల్సూ జాబితాగా కనిపిస్తాయి. వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే పేరు గడిలోకి వస్తుంది, టైపు చేయనక్కర్లేదు.

ముందుగా ఏ నుంచి కిందికి వెనక పొడవు: ఏ1. ఏ నుంచి కిందికే చంక లోతు: ఏ2. చంక లోతుకు నేను వాడే లెక్క ఛాతీ/8 + 2.5, అంటే 36కి 7 అంగుళాలు. కొందరు టైలర్లు ఛాతీ/6 + 1 అంటారు, 36కి అదీ 7నే ఇస్తుంది. తేడా అంచుల్లో వస్తుంది. 44 ఛాతీకి మొదటిది 8 ఇస్తే రెండోది 8.33 ఇస్తుంది. ఛాతీ పెరిగినంత వేగంగా చంక కిందికి దిగదు, అందుకే నాకు ఎనిమిదో వంతు నచ్చింది. చంక మరీ కిందికి దిగితే చెయ్యెత్తినప్పుడల్లా బ్లౌజంతా పైకి లేస్తుంది.

ఏ2 నుంచి కుడికి ఛాతీ/4 + లూజు/4 − తేడా: ఏ3. మన అంకెలతో 9 + 0.375 − 0.25 = 9.125. ముందు ముక్కకు ఇదే తేడా కలుపుతాం, అది 9.625 అవుతుంది. రెండూ కలిపి 18.75, రెండింతలు 37.5, అంటే ఛాతీ 36కి లూజు ఒకటిన్నర. ప్రతి చుట్టుకొలతనూ ఇలా తిరిగి కూడి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ప్రోగ్రాం తప్పు ఫార్ములాను కూడా ఎంతో చక్కగా గీసి చూపిస్తుంది.

ఏ1 నుంచి కుడికి నడుం/4 + లూజు/4 − తేడా + వెనక టక్కు: ఏ4, ఇది 8.375. ఏ3, ఏ4 కలిపితే సైడు గీత. ఏ నుంచి కుడికి మెడ వెడల్పు: ఏ5. ఏ నుంచి కుడికి భుజం/2, అక్కడి నుంచి కిందికి భుజం వాలు: ఏ6, ఏ7. ఏ5 నుంచి ఏ7కి భుజం గీత. ఏ నుంచి కిందికి వెనక మెడ లోతు: ఏ8. మెడ 8 అంగుళాల కన్నా లోతు పెట్టేవాళ్లు భుజం/2లో పావు నుంచి అర అంగుళం తగ్గించండి. వీపు మీద పట్టి ఉంచే గుడ్డ లేకపోతే భుజాలు పక్కలకు జారతాయి, థ్రెడ్ కట్టినా కొంతే ఆపుతుంది.

చంక వంపుకు ఇంకో బిందువు కావాలి. భుజం కొసకూ చంక గీతకూ సరిగ్గా మధ్య ఎత్తులో, వీపు మధ్య గీత నుంచి భుజం/2 − 0.5 దూరంలో ఏ9 పెట్టండి. ఇప్పుడు ఏ7, ఏ9, ఏ3 మూడింటి మీదుగా వెళ్లేలా వంపు గీత గీయాలి. అనేక బిందువుల మీదుగా వెళ్లే కర్వ్ టూల్ వేరుగా ఉంటుంది, అది తీసుకోండి.

వంపు గీశాక ప్రతి బిందువు దగ్గరా చిన్న పిడులు కనిపిస్తాయి. మౌస్‌తో లాగితే వంపు మారుతుంది. అందరూ అక్కడే ఆగిపోతారు, అక్కడే దెబ్బతింటారు. మౌస్‌తో లాగితే పిడి పొడవు ఒట్టి అంకెగా ఫైలులో కూర్చుంటుంది. కొలత మారినప్పుడు బిందువులు కదులుతాయి, పిడి పొడవు కదలదు, వంపు ఎక్కడో ఒకచోట బుడిపె తేలుతుంది. కాబట్టి ముందు మౌస్‌తో కంటికి నచ్చేలా సర్దుకుని, తర్వాత ఆ వంపు ప్రాపర్టీస్ తెరిచి పిడుల పొడవునూ కోణాన్నీ ఫార్ములాలుగా మార్చండి. పొడవును పక్క బిందువుల మధ్య దూరంలో మూడో వంతుగా పెడితే చాలావరకు కుదురుతుంది. కోణాలకు రెండు నియమాలు. చంక కింద, ఏ3 దగ్గర, వంపు అడ్డంగా చేరాలి, అంటే పిడి కోణం 180. భుజం కొస దగ్గర వంపు భుజం గీతకు లంబంగా బయల్దేరాలి, అంటే భుజం గీత కోణం − 90. భుజం గీత కోణం కూడా ఫార్ములా విండోలో జాబితాలో ఉంటుంది. ఈ రెండు నియమాలు పాటిస్తే ముందూ వెనకా కలిపి కుట్టినప్పుడు భుజం మీద ముక్కులాగా పొడుచుకురావడం, చంక కింద గుంట పడటం ఉండవు.

మెడ వంపు తేలిక. ఏ8 దగ్గర అడ్డంగా మొదలై ఏ5కి చేరాలి. మధ్యలో అడ్డంగా లేకపోతే మడత విప్పగానే గుండ్రటి మెడ కాస్తా వి ఆకారం అవుతుంది.

వెనక టక్కు: కింది అంచు మీద మధ్య గీత నుంచి ఎపెక్స్ దూరం/2 దగ్గర మధ్య బిందువు, దానికి అటూ ఇటూ టక్కు/2, పై కొస చంక గీతకు 2 అంగుళాల కింద. అంతే.

ముందు ముక్క

అదే ఫైలులో కొత్త డ్రాఫ్ట్ బ్లాక్ తెరిచి గీయండి. ఒకే ఫైలులో ఉంటే వెనక ముక్క గీతల పొడవులు ఇక్కడి ఫార్ములాల్లో వాడుకోవచ్చు. వెనక ముక్క అడుగులే ఇక్కడా, మారేవి మాత్రం చెబుతాను.

పొడవు వెనకది కాదు, ముందు పొడవు, 15.5. ఛాతీ వెడల్పులోనూ నడుం వెడల్పులోనూ తేడాను తీసేయకుండా కలపాలి. నడుంలో వెనక టక్కు బదులు ముందు నడుం టక్కు: 7.5 + 0.375 + 0.25 + 1.5 = 9.625. ఛాతీ దగ్గరా 9.625 వచ్చింది కాబట్టి ఈ ఉదాహరణలో ముందు సైడు గీత నిటారుగా దిగుతుంది. మీ కొలతలకు అలా రానక్కర్లేదు. చంక మధ్య బిందువు భుజం/2 − 0.75, అంటే వెనక కన్నా పావు అంగుళం లోపలికి. చేతులు ముందుకు చాపేది ఇటే కాబట్టి ఇక్కడ గుడ్డ ఎక్కువైతే ముడతగా పోగవుతుంది. నా ఆది జాకెట్టు ముడత రహస్యం ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎపెక్స్: పై నుంచి కిందికి 10, మధ్య గీత నుంచి ఎపెక్స్ దూరం/2, అంటే 3.75. దీనికి గుర్తుండే పేరు పెట్టుకోండి. ముందు ముక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నడుం టక్కు ఎపెక్స్‌కు నేరుగా కింద, అంచు మీద అటూ ఇటూ 0.75, కొస ఎపెక్స్‌కు ఒక అంగుళం కింద ఆగాలి. సైడు టక్కు వెడల్పు ముందు పొడవు − వెనక పొడవు. ఒంటి కొలతల్లోంచే వస్తోంది కాబట్టి దీనికి వేరియబుల్ అక్కర్లేదు. సైడు గీత మీద ఎపెక్స్ ఎత్తుకు సమంగా మధ్య, దానికి పైన అర, కింద అర. కొస ఎపెక్స్‌కు ఒకటిన్నర అంగుళం ఇవతలే ఆగాలి. టక్కు సరిగ్గా ఎపెక్స్ దాకా తీసుకెళితే అక్కడ గుడ్డ మొనదేలుతుంది, చూడ్డానికి బాగోదు.

ఇప్పుడు సైడు లెక్క సరిచూడండి. వెనక సైడు 14.5 − 7 = 7.5. ముందు సైడు 15.5 − 7 = 8.5, అందులో టక్కు 1 పోతే 7.5. వెనక గీత ఏటవాలుగా ఉంది కాబట్టి వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. పావు అంగుళం దాటితే మాత్రం ఏదో ఫార్ములా తప్పింది.

నాలుగు టక్కుల జాకెట్టు కావాలంటే, ఈ రెండు టక్కుల్లోంచి కొంత కొంత తీసి చంక వైపూ హుక్స్ పట్టీ వైపూ తిప్పుకోవచ్చు. ఎపెక్స్‌ను మేకులా అనుకుని ముక్కను దాని చుట్టూ తిప్పడమే, ప్రోగ్రాంలో రొటేట్ టూల్ ఉంది. ప్రిన్సెస్ కట్ కూడా ఇదే సూత్రం. కానీ మొదటి బ్లౌజుకు రెండు టక్కులే పెట్టుకోండి.

చేయి

చేత్తో డ్రాఫ్ట్ చేసినప్పుడు నన్ను ఏడిపించింది చేయి. చేతి పైవంపు చంక వంపుకు సరిపోదు, ఒకచోట కుచ్చు, ఒకచోట పిగులు. కంప్యూటర్ వల్ల నిజంగా మేలు జరిగేది ఇక్కడే, ఎందుకంటే చంక వంపు పొడవు దానికి తెలుసు. ఈ కొలతలతో నా డ్రాఫ్ట్‌లో ముందూ వెనకా చంకలు కలిపి సుమారు 16 అంగుళాలు వచ్చింది.

చేతి చుట్టుకొలత మన దగ్గర ఉంది. పైవంపు ఎత్తు లేదు. పుస్తకాల్లో మూడని, మూడున్నరని ఒక అంకె ఇస్తారు. అది వాడొద్దు. ఇలా చేయండి: అడ్డగీత ఒకటి, పొడవు చేయి చుట్టుకొలత + చేయి లూజు, అంటే 13. దాని మధ్య నుంచి పైకి నిలువు గీత. ఇప్పుడు ఎడమ కొసను కేంద్రంగా పెట్టి, (ముందు చంక + వెనక చంక)/2 − 0.25 వ్యాసార్ధంతో చాపం గీస్తే అది నిలువు గీతను ఎక్కడ తాకుతుందో అదే చేతి పై కొస. చాపమూ గీతా కలిసే చోట బిందువు పెట్టే టూల్ ఉంది. మన అంకెలతో ఎత్తు 4 అంగుళాల పైచిలుకు వస్తుంది. మూడున్నర పెట్టి ఉంటే చేతి వంపు చంక కన్నా అంగుళం దాకా తక్కువ పడేది.

ఆ పై కొసను అడ్డగీత రెండు కొసలతో కలపండి, అలా వచ్చిన రెండు ఏటవాలు గీతలనూ నాలుగేసి భాగాలు చేయండి. పై భాగంలో వంపు గీతకు అర అంగుళం పైకి ఉబ్బాలి, కింది భాగంలో లోపలికి దిగాలి. వెనక వైపు పావు, ముందు వైపు అర. వంపు గీశాక దాని పొడవును చంక పొడవుతో పోల్చండి. చేయి వంపు సమానంగానో, అర అంగుళం దాకా ఎక్కువగానో ఉంటే బాగుంది. తక్కువైతే ఆ 0.25ను తగ్గించండి, మరీ ఎక్కువైతే పెంచండి. దాన్ని కూడా వేరియబుల్‌గానే పెట్టి ఉండాలని ఈపాటికి మీరే ఊహించి ఉంటారు.

గీతల నుంచి ముక్కలు

ఇంతవరకూ గీసింది అస్థిపంజరం. పీస్ టూల్‌తో ఒక ముక్క చుట్టూ ఉన్న బిందువులనూ వంపులనూ గడియారం తిరిగే దిశలో వరుసగా నొక్కుతూ రావాలి. వంపు ఉన్నచోట బిందువులతో పాటు వంపు గీతను కూడా నొక్కాలి, లేకపోతే చంక నిటారు గీతగా మారిపోతుంది. దిశ తప్పితే వంపు ముడిపడినట్టు కనిపిస్తుంది, ఆ వరుసను తిరగేసే ఆప్షన్ అక్కడే ఉంటుంది.

కుట్టు మార్జిన్ అన్ని వైపులా ఒకేలా పెట్టకండి. బిందువు బిందువుకూ ముందూ వెనకా వేరే వెడల్పు ఇవ్వవచ్చు. నేను మెడకు పావు, భుజానికీ చంకకూ అర, కింది అంచుకు ఒకటి, సైడుకు ఒకటిన్నర ఇస్తాను. సైడుకు అంత ఎందుకంటే, మన ఇళ్లలో పట్టు బ్లౌజు పదేళ్లు ఉంటుంది, ఒళ్లు పదేళ్లు ఒకేలా ఉండదు. వెనక ముక్క మధ్య గీతకు సున్నా, అది మడత. ముందు ముక్క మధ్యలో హుక్స్ వస్తాయి కాబట్టి అర అంగుళం ఉండాలి, పట్టీలను విడిగా కత్తిరించుకోవాలి.

సైడు టక్కు మూసి కుట్టాక అంచు తిన్నగా రావాలంటే టక్కు నోటి దగ్గర అంచు కొద్దిగా బయటికి పొడుచుకురావాలి. ట్రూ డార్ట్స్ అనే టూల్ ఆ పని చేస్తుంది. దానితో తిప్పలు పడేకన్నా, ప్రింట్ తీసిన కాగితంలో టక్కును మడిచి ఆ మడత మీదే సైడు అంచు కత్తిరించండి, ఆకారం దానంతటదే వస్తుంది. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

ప్రతి ముక్క మీదా పడుగు దిశ చూపే బాణం, ముక్క పేరు, ఎన్ని కత్తిరించాలో, ఎవరి కొలతో, తేదీ ఉండాలి. చంకలో ముందు వైపుకు ఒక గాటు, వెనక వైపుకు రెండు గాట్లు పెట్టండి. చేతికీ అవే పెడితే కుడి చేయి ఎడమకు కుట్టే ప్రమాదం ఉండదు.

ప్రింట్

లేఅవుట్ మోడ్‌లో కాగితం సైజు ఇచ్చి ముక్కలు సర్దమంటే సర్దుతుంది. ఇంటి ప్రింటర్ అయితే ఏ4 కాగితాల మీద ముక్కలుగా వచ్చే టైల్డ్ పీడీఎఫ్ తీసుకోండి. అన్నీ అతికించడం విసుగనిపిస్తే ఇళ్ల ప్లాన్లు ప్రింట్ తీసే షాపుకు వెళ్లండి. మార్జిన్లతో సహా ఈ బ్లౌజు ముక్కలు ఒక్క ఏ1 కాగితంలో పడతాయి.

ప్రింట్ నొక్కే ముందు స్కేల్ 100 శాతమో, యాక్చువల్ సైజో ఉందని చూడండి. నా మొదటి ప్రింట్ "ఫిట్ టు పేజ్"లో వెళ్లింది. 96 శాతానికి తగ్గిందని అప్పుడు నాకు తెలియదు. 36 ఛాతీ 34.5 అయింది, ఒకటిన్నర అంగుళం లూజూ దాదాపు మొత్తం హాంఫట్. అప్పటి నుంచి ప్రతి ప్యాటర్న్‌లోనూ 2 అంగుళాల చదరం ఒకదాన్ని విడి ముక్కగా గీసి పెడుతున్నాను. ప్రింట్ రాగానే ముందు స్కేలుతో ఆ చదరాన్ని రెండు వైపులా కొలవండి. షాపు ప్రింట్‌లోనైనా సరే కొలవండి. తేడా ఉంటే కత్తెర ముట్టొద్దు.

లేఅవుట్‌కు ఇంకో ఉపయోగం ఉంది. కాగితం సైజు బదులు గుడ్డ సైజు ఇవ్వండి. చీరతో వచ్చిన బ్లౌజ్ పీసు 80 సెంటీమీటర్లుంటే అది 31.5 అంగుళాలు. పన్నా 44 అనుకుంటే, నిలువుగా సగానికి మడిస్తే 22 వస్తుంది. 22కి 31.5 పెట్టి ముక్కలు పడతాయో లేదో కత్తిరించక ముందే చూసుకోవచ్చు. కాకపోతే ఆ సర్దుబాటును గుడ్డిగా నమ్మకండి. మడత ఎటుందో, చేతికి రావలసిన జరీ అంచు ఎటుందో ప్రోగ్రాంకు తెలియదు. చేయి ముక్కను మీరే అంచు వైపుకు జరపాలి.

ట్రయల్, దిద్దుబాటు

మొదటి కటింగ్ కోరా గుడ్డ మీదో పాత పంచె మీదో చేయండి. సాగే గుడ్డ వద్దు, అది తప్పులన్నీ దాచేస్తుంది. పెద్ద కుట్లతో గబగబా కుట్టి, ముందు హుక్స్ బదులు పిన్నులు పెట్టి తొడుక్కోండి. అద్దం ముందు నిలబడి, చేతులు ఎత్తి, ముందుకు చాపి, కూర్చుని చూడండి.

తప్పు కనిపించగానే డ్రాఫ్ట్‌లో గీత జరపొద్దు. తప్పు మూడు చోట్ల ఒకదాంట్లో ఉంటుంది: కొలతలో, వేరియబుల్‌లో, ఫార్ములాలో. ఛాతీ అంతా ఒకేలా బిగుతుగా ఉందంటే కొలత మళ్లీ తీయించండి, సరిగానే ఉంటే లూజు పెంచండి. చంక నుంచి ఎపెక్స్ వైపు ఏటవాలుగా ముడతలు లాగుతున్నాయంటే టక్కు చాలలేదు, అంటే ముందు పొడవు తక్కువ కొలిచారు. భుజం పట్టీ పక్కకు జారుతోందంటే మెడ వెడల్పు తగ్గించండి. వెనక మెడ అంచు వీపుకు ఆనకుండా తెరుచుకుంటే, ఎంత వదులుందో చిటికెతో పట్టి కొలిచి, వెనక మెడ దగ్గర మధ్య గీతను అంత లోపలికి తెచ్చేలా కొత్త వేరియబుల్ చేర్చండి. ముందు చంకలో నిలువు ముడత నిలబడితే భుజం/2 − 0.75లోని ఆ 0.75ను ఇంకో పావు పెంచి చూడండి. వేసుకున్నప్పుడు బాగుండి చెయ్యెత్తితే మొత్తం పైకి లేస్తుంటే చంక లోతు ఎక్కువైంది, ఫార్ములాలో 2.5ను 2.25 చేయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్చి రెండోసారి కుడితే ఏది పనిచేసిందో తెలియదు.

చంకనో చంక లోతునో ముట్టుకున్న ప్రతిసారీ చేతి వంపు పొడవును మళ్లీ పోల్చండి. చాపం లెక్క తనంతట తనే మారుతుంది గానీ అర అంగుళం హద్దు దాటిందా లేదా అన్నది మనమే చూడాలి.

రెండో ట్రయల్ నచ్చితే అసలు గుడ్డకు వెళ్లండి. కాటన్ బ్లౌజ్ పీసునూ కాటన్ లైనింగునూ ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయండి. లేకపోతే మొదటి ఉతుకులోనే పడ్డ కష్టమంతా కుంచించుకుపోతుంది.

ఇంకొకరికి కుట్టేటప్పుడు కొత్తగా గీయక్కర్లేదు. వాళ్ల కొలతలతో ఇంకో కొలతల ఫైలు చేసి, అవే పేర్లు వాడి, ప్యాటర్న్‌కు ఆ ఫైలును జోడిస్తే గీతలన్నీ వాళ్ల ఒంటికి మారతాయి. ప్యాటర్న్ ఫైలును వేరే పేరుతో సేవ్ చేసుకున్నాకే వేరియబుల్స్ జోలికి వెళ్లండి. మా అమ్మకు అలాగే చేశాను. ఆవిడ ఛాతీ 42, ముందు వెనకల పొడవు తేడా రెండు అంగుళాలు. తెర మీద చంక వంపులో చిన్న బుడిపె తేలింది. చూస్తే ఏ9 దగ్గర ఒక పిడికి పొడవు ఫార్ములా పెట్టకుండా వదిలేశాను, 1.3 అని ఒట్టి అంకె కూర్చుని ఉంది.